కొండచిలువకు పగ తెలియదు

కిందటి నెల హైదరాబాదు నుంచి ఒక కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు. కొత్తగా పశువుల ప్రాక్టీసు పెట్టాడట. ఎవరో అపార్టుమెంటులో విదేశీ కొండచిలువను పెంచుకుంటున్నారట. అది యజమాని చేతిని పట్టుకుని ఎంతకీ వదల్లేదట.

"మేడమ్, అది అగ్రెసివ్‌గా మారిపోయింది. శాంతించడానికి ఏదైనా ఇంజెక్షన్ ఉందా?" అని అడిగాడు.

"చేతులు కడుక్కున్నాడా?" అన్నాను.

"ఎవరండీ?"

"ఆ పెంచుకునే మహానుభావుడు. దానికి మేతగా పెట్టే ఎలుకల డబ్బా సర్దిన చేత్తోనే దాన్ని ఎత్తుకున్నాడా, లేక సబ్బుతో కడుక్కుని ఎత్తుకున్నాడా?"

"అడగలేదండి," అన్నాడు మెల్లగా.

నాకు ఒళ్లు మండిపోయింది. కుర్రాడి మీద కాదు. ఇన్నేళ్లయినా మొదటి ప్రశ్న ఇంకా ఎవరూ అడగడం లేదే అని. పాము పట్టుకుంటే అందరూ పామునే చూస్తారు. పట్టుకోబడిన చేయి అంతకుముందు ఎక్కడ ఉందో ఒక్కరూ చూడరు.

నేను తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో పశువైద్యురాలిగా పనిచేశాను. ఎనభైలలో మొదలుపెట్టి తొంభైలు దాటిందాకా అక్కడక్కడే తిరిగాను. నేను చూసినవాటిలో గేదెలే ఎక్కువ. అడ్డం తిరిగిన దూడలు, గాలికుంటు టీకాలు, కోళ్లకు తెగుళ్లు, ఇదీ నా ఉద్యోగం. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో రాయను, దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. కొండచిలువలు నా చేతికి వచ్చింది చాలా తక్కువ. కానీ తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరికేది వాటిలో ఒకదాని గురించే. మర్యాదగా రాయమ్మా అని మా అమ్మాయి అంది. కుదిరినంత వరకు చూస్తాను.

తెనాలి ఎగ్జిబిషన్

ఉద్యోగంలో చేరిన కొత్తలో తెనాలిలో ఎగ్జిబిషన్ పెట్టారు. రంగులరాట్నం, బజ్జీల కొట్లు, ఒక మూల పాముల డేరా. ఆ డేరా నడిపే ఆయన ఒకరోజు ఆసుపత్రికి వచ్చాడు. చేతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. సంచిలో కొండచిలువ.

"నోరు కుట్టెయ్యండి డాక్టరమ్మా," అన్నాడు.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను.

"నోరేనండి. రెండు వైపులా దారం వేస్తే చాలు. ఇదివరకు మేమే కుట్టుకునేవాళ్లం, చీము పడుతోందండి. మీరైతే శుభ్రంగా కుడతారని వచ్చా."

మనిషి ఎంత మామూలుగా అన్నాడో చెప్పలేను. బొత్తాం ఊడిన చొక్కా దర్జీకి ఇచ్చినట్టే అడిగాడు. అతణ్ణి తిట్టి పంపేశాను. కానీ ఎందుకు కరిచిందో తెలుసుకోవాలనిపించి సాయంత్రం డేరాకు వెళ్లి జనంలో నిలబడ్డాను.

ఆట ఇది. ముందు కోడిపిల్లను ఎడమచేత్తో పట్టుకుని పాము ముందు ఆడిస్తాడు. పాము మెడ వెనక్కి లాగి, నాలుక గబగబా ఆడించి, ఒక్క ఉదుటున అందుకోబోతుంది. అతను పిల్లను తప్పిస్తాడు. జనం చప్పట్లు. మళ్లీ ఆడిస్తాడు, మళ్లీ తప్పిస్తాడు. దానికి నోట్లో నీళ్లూరేలా చేసి, ఏమీ పెట్టకుండా, వెంటనే అదే చేత్తో దాన్ని ఎత్తి చూడ్డానికి వచ్చినవాళ్ల భుజం మీద వేస్తాడు. చంటిపిల్లల భుజం మీద కూడా వేశాడు. ఆ తల్లులు నవ్వుతూ చూస్తున్నారు.

కోడి వాసన ఆ చేతినిండా ఉంది. వెచ్చగా ఉంది, కదులుతోంది. ఇంక కొండచిలువకు ఏం తెలుస్తుందండీ అది చెయ్యని? ఆకలితో ఉన్నదాని ముందు విస్తరి వేసి లాగేసి, వేలు పెట్టి, కరిచిందని దాని నోరు కుట్టమంటాడు. డేరావాళ్లను పట్టించాలని చాలా తిరిగాను. పైవాళ్లను కదిలించేలోగా ఎగ్జిబిషన్ ఎత్తేశారు. ఆ పాము ఏమైందో నాకు తెలియదు.

కాటు రెండు రకాలు

ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. పరీక్షల్లో అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

భయపడిన కొండచిలువ బుస కొడుతుంది, ఒళ్లు బిగిస్తుంది, చుట్టుకుని తల దాచుకుంటుంది, పారిపోవాలని చూస్తుంది. దారి లేకపోతే కొట్టి వదిలేస్తుంది. దానికి కావలసింది మీరు దూరం వెళ్లడం.

ఆకలితో ఉన్నదానికి బుస ఉండదు. నిశ్శబ్దంగా ఉంటుంది. నాలుక వేగంగా ఆడుతుంది, మెడ వంకర తిరుగుతుంది, మీ చెయ్యి ఎటు పోతే తల అటు తిరుగుతుంది. చూసేవాళ్లు "అబ్బ, ఎంత బుద్ధిగా చూస్తోందో" అనుకుంటారు. అది మిమ్మల్ని చూడడం లేదు, మేతను చూస్తోంది. అలా పట్టుకుంటే వదలదు, చుట్టేస్తుంది. దాని పళ్లు లోపలికి వంగి ఉంటాయి. లాగితే మీ కండే చీలుతుంది.

మొదటిది భయం, రెండోది పొరపాటు. రెండింట్లోనూ కోపం లేదు, పగ లేదు. పగ మనకు తెలిసిన సంగతి కాబట్టి దానికి అంటగట్టాం.

రేపల్లె రైసు మిల్లు

ఎనభైల చివర రేపల్లెకు బదిలీ అయింది. మా నాన్న అక్కడే మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు కాబట్టి నాకు సొంత ఊరే. అక్కడికి దగ్గర్లో ఒక రైసు మిల్లు ఉండేది. యజమాని రాఘవయ్య గారు. పెద్ద రైతు, ఊళ్లో మాట చెల్లే మనిషి.

అంతకు కొన్నేళ్ల ముందు కృష్ణకు వరద వచ్చినప్పుడు లంకల్లోంచి ఒక కొండచిలువ పిల్ల కొట్టుకొచ్చి మిల్లు గోడ పక్కన చేరిందట. మిల్లు పనివాళ్లు గెడకర్రతో నాలుగు దెబ్బలు వేశాక రాఘవయ్య గారు ఆపి, బుట్టలో వేయించి మిల్లు పక్కనే ఉన్న ఇంటికి తెచ్చారు. ఆ ఏడు వ్యాపారం బాగా కలిసొచ్చింది. అంతే, అది అదృష్టదేవత అయిపోయింది. "బంగారి" అని పేరు పెట్టారు. ముందుగదిలో జాలీ తలుపున్న చెక్కపెట్టె చేయించారు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఎత్తి చూపించేవారు.

ఆ ఇంటికి నేను చాలాసార్లు వెళ్లాను. నాకు కాఫీ ఎప్పుడూ వసారాలోకే వచ్చేది, గ్లాసు కూడా వేరుగా ఉండేది. బంగారికి మాత్రం ముందుగదిలో ఫ్యాను కింద చోటు. నేను ఏమీ అనేదాన్ని కాదు. గమనించలేదని మాత్రం అనుకోకండి.

మొదటిసారి కబురొచ్చింది బంగారి ఆయన చేతిని పట్టుకుందని. వెళ్లేసరికి వదిలించుకున్నారు. చేతికి పళ్లగాట్లు. ఆయన ముఖంలో నొప్పి కంటే అవమానం ఎక్కువగా ఉంది.

"కూతురిలా పెంచానమ్మా. నన్నే కరిచిందంటే ఏంటది? ఎవరన్నా ఏదైనా చేశారంటారా?"

"పొద్దున్నించీ ఏం చేశారండీ మీరు?"

"ఏముందమ్మా, రోజూ చేసేదే. పుంజులకి ఒళ్లు పిసికి, గింజలేసి, అటునించటే వచ్చి పెట్టె తీశా."

రాఘవయ్య గారికి పందెం పుంజుల పిచ్చి. వాటి ఒళ్లు పిసికిన చేతులు, వాటిని పొదివి పట్టుకున్న లుంగీ. పెట్టె తలుపు ఎక్కువగా తీసేది కోడిని లోపల వదలడానికే. కోడి వాసనతో తలుపు తెరుచుకుంది, వెచ్చటిది ఒకటి లోపలికి వచ్చింది. బంగారి లెక్కలో తప్పెక్కడుంది?

అడవి జంతువును ఇంట్లో పెట్టుకోవడం నేరం, అటవీశాఖకు ఇచ్చేయండి అని చెప్పాను. ఆయన నవ్వారు. మా పైఅధికారికి, అంటే ఏడీ గారికి చెప్పాను. ఆయనా నవ్వారు. "మన టీకాల క్యాంపులకి షెడ్డు ఇచ్చేది ఎవరమ్మా? ఆయన పామునే మనం తీసుకుపోతామా?" అన్నారు. నా సర్వీసులో నేను చూసిన పైఅధికారుల్లో సగంమంది ఇంతే. చెడ్డవాళ్లు కారు. షెడ్డు ఎవరిదో తెలిసినవాళ్లు.

కర్రతో తట్టడం

సరే, అక్కడే ఉంటుందని తేలాక ఎవరికీ దెబ్బ తగలకుండా చూడడమే నా పని అనుకున్నాను. రాఘవయ్య గారి అమ్మాయి విజయ అప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ ఇంట్లో నేను చెప్పేది శ్రద్ధగా విన్నది ఆ పిల్ల ఒక్కతే. నన్ను "అక్కా" అని పిలిచేది, అదీ వాళ్ల నాన్న లేనప్పుడు.

చేతులు సబ్బుతో కడుక్కోవడం, పుంజుల దగ్గర కట్టిన బట్టలతో అటు రాకపోవడం, మేత వేశాక కొన్నాళ్లు ముట్టుకోకపోవడం, ఇవన్నీ చెప్పాను. అన్నిటికంటే ముఖ్యంగా తట్టడం నేర్పాను. చివర నున్నగా ఉన్న ఒక పొట్టి కర్ర. తలుపు తీయగానే చెయ్యి పెట్టకూడదు. ముందు కర్రతో మెడ దగ్గర మెల్లగా తట్టాలి. మేత వేసే రోజు మాత్రం తట్టకూడదు. కర్ర తగిలితే మేత లేదు, మనిషి వస్తున్నాడు అని కొన్నాళ్లకు దానికే తెలిసిపోతుంది.

నేను వసారాలో గుమ్మం దగ్గర నిలబడి చెబుతుంటే విజయ ఓపికగా చేసింది. మొదట్లో కర్ర తగిలితే బంగారి ఉలిక్కిపడేది. తర్వాత తర్వాత మెడ వంకర సడలిపోయేది. తల కిందికి దించి, చెక్క మీద గడ్డం ఆనించి అలా ఉండిపోయేది. అప్పుడు విజయ రెండు చేతులతో ఎత్తుకునేది.

"చూడక్కా, ఎంత నమ్మకమో," అంది ఒకరోజు.

నమ్మకం పెద్ద మాట, అలవాటు అను, అని సరిదిద్దాను. చాలా నెలలు ఏ గొడవా లేదు.

దిష్టి కోడి

తర్వాతి ఏడు మిల్లు మోటారు కాలిపోయింది. రాఘవయ్య గారికి కామెర్లు వచ్చి తగ్గాయి. ఎవరో సిద్ధాంతిని పిలిచారు. ఆయన ముందుగదిలోకి వచ్చి పెట్టె చూసి తేల్చేశాడు. వరదనాడు గెడకర్రతో కొట్టారు కదా, అది పగబట్టింది, మొదట కరిచింది కూడా అందుకే, ఇప్పుడు శాంతి చేసి క్షమాపణ అడగాలి అని.

శాంతి ఎలా చేశారో వినండి. పూజ కదా, నీచు తగలకూడదని ముందే బంగారికి మేత ఆపేశారు. వారాల తరబడి పస్తు పెట్టారు. ఆ రోజు ఆడపిల్ల అటు రాకూడదని విజయను వంటింట్లో ఉంచారు. కాబట్టి కర్రా లేదు, తట్టడమూ లేదు. ఒక నల్లకోడిని తెచ్చి రాఘవయ్య గారికి తల నుంచి పాదాల దాకా దిగదుడిచారు. ముఖం మీద, ఛాతీ మీద, చేతుల మీద బతికున్న కోడిని రాసి దిష్టి తీశారు. ఆ తర్వాత ఆయన తన చేత్తోనే పెట్టె తలుపు తీసి, రెండు చేతులూ జోడించి, దాని ముఖంలో ముఖం పెట్టి వంగారు.

పగ తీర్చుకోమని ఎవరైనా ఇంతకంటే బాగా ఏర్పాటు చేయగలరా? నేను చెయ్యొద్దన్న ప్రతి పనినీ ఒక్కటి కూడా వదలకుండా, మంత్రాలతో సహా చేశారు.

మిల్లు జీపు ఆసుపత్రి ముందు ఆగేసరికే విషయం అర్థమైంది. వెళ్లేసరికి ఆయన నేల మీద ఉన్నారు. ముంజేయి దాని నోట్లో ఉంది, చుట్లు భుజం దాటి మెడ వైపు పోతున్నాయి. ఇద్దరు తల పట్టుకుని లాగుతున్నారు. ఆయన బావమరిది శేషయ్య గొడ్డలి ఎత్తి ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

"లాగొద్దు! ఎవరైనా లాగితే ముందు వాళ్ల చెయ్యి విరగ్గొడతా," అని అరిచాను. ఆ ఇంటి లోపల నేను గొంతెత్తడం అదే మొదలు. ఆ ఇంటి లోపలికి అడుగుపెట్టడం కూడా అదే మొదలు.

తోక వైపు నుంచి ఒక్కొక్క చుట్టే విప్పించాను. విజయ వంటింట్లోంచి బిందెతో చన్నీళ్లు తెచ్చి దాని తల మీద పోసింది. నా సంచిలో ఉన్న స్పిరిట్‌తో దూది తడిపి నోటి పక్కన పెట్టాను. కాసేపటికి దవడ వదులైంది. ఆయన్ను డాక్టరు దగ్గరికి పంపాం. చెయ్యి దక్కింది, కుట్లు మాత్రం చాలా పడ్డాయి.

బాపట్ల నుంచి జీపు

ఇక అందరిదీ ఒకటే మాట, చంపేయాలని. ఏడీ గారికి ఫోన్ చేస్తే, "ఎందుకమ్మా ఈ గొడవ? ఒక సూది పొడిచి పడేయండి. వాళ్లకీ శాంతి, మనకీ శాంతి," అన్నారు. నేను పొడవనన్నాను. మెమో ఇస్తానన్నారు. ఇచ్చుకోండి అన్నాను.

ఆ సాయంత్రం మంచం మీద పడుకుని ఉన్న రాఘవయ్య గారి దగ్గర నిలబడ్డాను. "రేపు సాయంత్రం దాకా ఆగండి. బాపట్ల వెళ్లి అటవీశాఖ వాళ్లను నేనే తీసుకొస్తాను. మీ కంటికి కనపడకుండా పట్టుకుపోతారు," అన్నాను.

ఆయన కళ్లు మూసుకునే, "సరేనమ్మా. మీరు నా ప్రాణం కాపాడారు. మీరొచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఇది నా మాట," అన్నారు.

మర్నాడు మొదటి బస్సుకు బాపట్ల వెళ్లాను. ఆ ఆఫీసులో నన్ను ఒక బల్ల దగ్గర నుంచి ఇంకో బల్ల దగ్గరికి తిప్పారు. లంకల్లో పుట్టింది మా పరిధి కాదన్నాడొకాయన. పామును మీరే తెచ్చి అప్పగించండి అన్నాడు ఇంకొకాయన. బస్సులో నా పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకురానా అని అడిగాను. చివరికి నా నోటికి భయపడి జీపు ఇచ్చారు. పొద్దు వాలకముందే మిల్లు దగ్గరికి చేరాం.

ముందుగదిలో పెట్టె లేదు. మిల్లు వెనక ఊకగుట్ట పక్కన మంట ఆరిపోతోంది. పక్కన పాలచెంబు, పూలు, పసుపు. పామును చంపిన దోషం తగలకుండా మనిషికి చేసినట్టే దహనం చేశారట. భోజనాలు కూడా పెట్టారు. వసారాలో ఆకులు తీస్తున్నారు.

"ఎలా చంపారు?" అన్నాను.

శేషయ్య మీసం సర్దుకుని, "దేవుడి దయండి. ఒక్క వేటుకే పోయింది. అసలు తిరగబడలేదు," అన్నాడు.

ముందురోజు దాని దగ్గరికి వెళ్లడానికే వణికిన మనిషి ఇతను. ఆకలితో, భయంతో ఉన్నది తిరగబడలేదా? అర్థం కాలేదు. అప్పుడు గుమ్మం పక్కన విజయ కనపడింది. ఆ పిల్ల చేతిలో పొట్టి కర్ర ఇంకా ఉంది.

"మీ జీపు వచ్చేసిందన్నాడక్కా మామయ్య," అంది. "దాన్ని సంచిలోకి ఎక్కించాలి, నువ్వు తట్టు, నువ్వు తడితేనే కదలకుండా ఉంటది అన్నాడు. తట్టా. తట్టంగానే తల దించింది. గడ్డం ఆనించుకుంది, రోజూ ఆనించుకున్నట్టే."

కర్రను గుమ్మం పక్కన పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

రాఘవయ్య గారు కట్టు కట్టిన చేత్తో గుమ్మంలోకి వచ్చారు. ఆయన మొహం చూసి అడిగాను. "పగబట్టిన పాము కర్ర తగిలితే తల దించుకుంటుందా రాఘవయ్య గారూ? నిన్న మీ చేతిని పట్టుకుంది కోడనుకుని. ఇవాళ మీ అమ్మాయి తడితే మనిషి అనుకుంది. ఎప్పుడు పొరబడినట్టు చెప్పండి?"

ఆయన నా వైపు చూడలేదు. "జరిగిందేదో జరిగింది. భోంచేసి వెళ్లండమ్మా," అన్నారు. కాస్త ఆగి, "ఇవాళ మీకు లోపలే వడ్డించమన్నాను," అన్నారు.

నేను మెట్లు దిగి వచ్చేశాను. బాపట్ల జీపు డ్రైవరు ఖాళీ సంచి మడిచి సీటు కింద పెట్టుకున్నాడు.

ఇదంతా ఆ కుర్ర డాక్టరుకు ఫోనులో చెప్పలేదు. చేతుల సంగతి చెప్పాను, చన్నీళ్ల సంగతి చెప్పాను. "తట్టి అలవాటు చేయిస్తారట కదా మేడమ్, అదెలా?" అని అడిగాడు. అదీ వివరంగా చెప్పాను. కర్ర ఎంత ఉండాలో, ఎక్కడ తాకించాలో అంతా.

"థాంక్స్ మేడమ్," అని పెట్టేయబోతుంటే ఆపాను.

"ఒక్కటి మాత్రం ముందు కనుక్కో. అది తల దించాక ఆ పెంచుకునే ఆయన ఏం చేస్తాడు?"